రైస్ కుక్కర్లు తిరగేసి చూసే పెద్దాయన

మంగళవారం. తెల్లవారినప్పటి నుంచి వాన. వంటింటి కిటికీ బయట వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు లోపలికి తీశాను. అప్పుడే పక్కింటి అంకుల్ కూతురు తలుపు తట్టి, "నాన్న పోయారన్నా. స్లీప్‌లోనే," అంది.

ఆ రోజు నా నోటుబుక్కులో ఇంతే ఉంది. ఆయన గురించి మన తెలుగు సంఘం పత్రికకు రాయమన్నారు. కంప్యూటరు పనైనా, రాయడమైనా నాకు ఎవరూ నేర్పలేదు. వాతావరణం, చేసిన పనులు రోజూ రాసుకోవడమే అలవాటు. అందుకే ఇదీ అలాగే మొదలైంది.

అంకుల్ ఇక్కడ జురాంగ్‌లో కుక్కర్ల ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర తనిఖీ పనిచేసి రిటైరయ్యారు. అన్నం ఉడకగానే స్విచ్చి దానంతటది పైకి లేవాలి. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు కుక్కరు దగ్గర చెవి వంచి నిలబడేవారు. "టక్కుమని వినబడాల తంబీ. అప్పుడే మకాన్, తిండి," అనేవారు. పుట్టి పెరిగింది ఈ ద్వీపదేశంలోనే కాబట్టి ఆయన తెలుగులో తమిళం, మలయ్ కలిసిపోయి ఉండేవి.

ఆయన రిటైరైన తర్వాత కంపెనీ ఒక రకం కుక్కర్లను వెనక్కి ఇచ్చేయమని పేపర్లో ప్రకటించింది. స్విచ్చి ఇరుక్కుపోయి, అన్నం ఉడికినా వేడి ఆగడం లేదట. అప్పటికే ఒకావిడ చెయ్యి కాలింది. ఆవిడ కోర్టుకు వెళ్ళింది. ఆ కుక్కరు తనిఖీ చీటీ మీద సంతకం అంకుల్‌ది. సాక్షిగా పిలిచారు. అన్నీ పరీక్షించకుండా కొన్నిటిని చూసి వదిలెయ్యమన్నది కంపెనీయే కాబట్టి తప్పు కంపెనీదేనని తీర్పు వచ్చింది. పేపర్లో అది నాచేత రెండుసార్లు చదివించుకున్నారు.

"మీ తప్పు లేదన్నారు అంకుల్."

"కంపెనీ తప్పంటే ఎవురి తప్పు తంబీ? కంపెనీకి చెయ్యి లేదే. చీటీ మీద రాసిన చెయ్యి నాది గదా."

పేపరు మడిచి ఆయన చేతికిచ్చాను.

ఆ వారం నుంచే ఆయన తిరగడం మొదలుపెట్టారు. రెండువేల సంవత్సరం సమస్య సరిచేయడానికి గుంపులుగా దిగిన మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి మీకు తెలిసిందే. ప్రాజెక్టు అయిపోయినవాడు తన కుక్కరును కొత్తగా వచ్చినవాడికి ఇచ్చి వెళతాడు. పెట్టె ఉండదు, వారంటీ కార్డు ఉండదు. అది ఎవరింట్లో ఉందో కంపెనీకి తెలియదు. అంకుల్ ఆదివారాలు గొడుగు పట్టుకుని మనవాళ్ళ ఫ్లాట్లకు వెళ్ళి, కుక్కరు తిరగేసి అడుగున నంబరు చూసేవారు.

"ఇది నాకన్నా సీనియర్ అంకుల్. ఇప్పటిదాకా ఏం కాలేదు," అన్నాడొకడు.

"సీనియరే కదా, రిటైర్ చేద్దాం తే."

ఆయన వల్ల కొన్ని ఇళ్ళలో ఏమీ జరగలేదు. జరగనిదానికి ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు. నేను చెబుతున్నాను.

చెప్పి ఊరుకోలేకపోతున్నాను. ఒకసారి నన్నూ అడిగారు. "ఆ రకం నీ దగ్గరుందా తంబీ?"

"లేదంకుల్."

నిజమే, నా దగ్గర లేదు. వుడ్‌ల్యాండ్స్‌లో మేం నలుగురం ఉన్న ఫ్లాటు వదిలినప్పుడు, అప్పటిదాకా వాడిన ఆ రకం కుక్కరును నా చోటులోకి వచ్చినాయనకు ఇచ్చేశాను. ఆయనకు ఫోన్ చెయ్యాలని నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకుంటే చేసినట్టే అనిపించిందేమో, చెయ్యలేదు. అడిగినదానికి మించి మాట్లాడడం నాకు రాదు. అంకుల్‌కూ చెప్పలేదు.

ఇప్పుడు ఎంత ఆలోచించినా తేలడం లేదు. తప్పు కంపెనీదని కోర్టు అంది. తనదని అంకుల్ అనుకున్నారు. ఆ కుక్కరు ఇంకా ఎక్కడో అన్నం వండుతుంటే అది ఎవరి తప్పు? తీర్పు మళ్ళీ చదివాను. అందులో నాలాంటివాడి ఊసు లేదు.

దహనం అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. కంపెనీకి చేరాల్సిన కుక్కర్లు రెండు గోడ పక్కన బోర్లించి ఉన్నాయి, నంబర్లు పైకి కనబడేలా.

"వుడ్‌ల్యాండ్స్ ఒక్కటే మిగిలిందన్నా. నెక్స్ట్ సండే వెళతా అన్నారు. మోకాళ్ళు నొప్పి లా," అంది ఆయన కూతురు, ఇక్కడివాళ్ళ యాసలో.

నేను వెళతానన్నాను. గొడుగు ఇచ్చింది.

ఆదివారం. ఎండ. వుడ్‌ల్యాండ్స్ రైలెక్కాను. పాత ఫ్లాటులో ఇప్పుడు వేరే మనవాళ్ళున్నారు. నేనిచ్చినాయన వెళ్ళిపోయి ఏడాదైందట. "కుక్కరా? లోపలుందండి. ఇప్పుడే అన్నం పెట్టేశాం," అన్నాడు తలుపు తీసినాయన.

నాదో కాదో గుర్తుపట్టలేకపోయాను. ఉడుకుతున్నదాన్ని తిరగేసి చూడలేం. పక్కనే వంగి నిలబడ్డాను. ఆవిరి చెంపకు తగులుతోంది. చెవి స్విచ్చి వైపు, టక్కుమనకపోతే లాగెయ్యడానికి చెయ్యి ప్లగ్గు మీద.