కదలని వంటగది

గోడ కట్టడంలో బార్బడోస్ దీవి మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. మూడో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది గానీ, లేకపోతే ఈపాటికి మంత్రినయ్యేవాణ్ణి. నా పనితనానికి సాక్ష్యం కావాలంటే ఓర్లీన్ అక్క ఇల్లు చూడండి.

అక్కకు పెద్ద బంగళాలో పని. చెరకుతోట దొరలు కట్టించుకున్న ఆ బంగళాను చూడ్డానికి ఓడల్లో జనం దిగుతారు. పద్దెనిమిదేళ్లుగా అక్క తలకు తెల్లగుడ్డ చుట్టుకుని, దొర మంచం, దొరసాని వెండి చెంచాలు చూపించి, చివరికి వాళ్లను మేడమీది కిటికీ దగ్గరికి తీసుకెళుతుంది. అక్కణ్ణుంచే దొర తన బానిసల మీద కన్నేసి ఉంచేవాడని చెప్పాలి. చూడొచ్చినవాళ్లు తొంగి చూస్తే కనబడేది అక్క ఇల్లే. అందరూ దాన్నే ఫొటో తీసుకుంటారు.

మా చెక్క ఇళ్లకు పునాది ఉండదు. నేల తోటది, ఇల్లు మనది. రాళ్ల మీద ఊరికే కూర్చోబెడతాం. పని మానేస్తే గోడలు ఊడదీసి, లారీకెత్తి, పొద్దుగూకేలోగా ఇంకోచోట నిలబెట్టుకోవాలి. అక్క వాళ్లమ్మ ఉన్నప్పుడు ఆ ఇల్లు మూడుసార్లు ఊళ్లు తిరిగింది. మూడోసారి కదిపింది నేనే. పొయ్యి మీది చేపల పులుసు తొణకలేదు, పొదుగుతున్న కోడి గుడ్ల మీంచి లేవలేదు. నమ్మనివాళ్లు ఆ కోడినడగండి.

ఒకనాడు బంగళా మేనేజరు పిల్‌గ్రిమ్ గారు అక్కను పిలిచి, ఓడ వచ్చిన రోజున పెరట్లో బట్టలారేయొద్దన్నాడు. కిటికీలోంచి చూస్తే బాగుండడం లేదట. అక్క తలగుడ్డ విప్పి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. శనివారంలోగా ఇల్లు తీసెయ్యమని కబురొచ్చింది. ఉత్తరాన చెల్లెలికి సొంత జాగా ఉంది, అక్కడ ఎన్ని బట్టలైనా ఆరేసుకుంటానంది.

శనివారం తెల్లారేసరికి లారీతో సహా వెళ్లాను. ఏ చెక్క ఎక్కడిదో తెలిసేలా మూడు గోడల మీద సుద్దతో అంకెలు వేసి, ఇంటి వెనకవైపుకి వచ్చాను. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.

కిందటి వానాకాలం అక్కను ఊదరగొట్టి, ఇంటి వెనకాల సిమెంటు ఇటుకలతో వంటగది కట్టింది నేనే. గట్టిగా ఉండాలని ఇంటి దూలాలను కాంక్రీటులో పాతేశాను కూడా.

"నిలబడ్డావేంరా? మేకులు పీకు."

"పీకడానికేం లేదక్కా. పగలగొట్టాలి. పగలగొడితే చెక్క కూడా పిండైపోద్ది, మీ అమ్మ కాలం నాటిది గదా."

"తుఫానొచ్చినా కదలదని ఒట్టేశావు గదరా."

"వేశాను."

"నీ నోటెంట వచ్చిన మాటల్లో అదొక్కటే నిజమై చచ్చింది."

అక్క ఆ గోడకు అరచెయ్యి ఆనించి నెట్టి చూసింది. తర్వాత లారీని పంపించేసింది.

సోమవారం మళ్లీ పనికని బంగళాకెళ్లింది. పిల్‌గ్రిమ్ గారు సొరుగులోంచి తలగుడ్డ తీసిచ్చాడట. ఉతికించి, ఇస్త్రీ చేయించి ఉంచాడట.

ఇప్పుడు ఓడ వచ్చిన రోజుల్లో అక్క బట్టలు నేను కట్టిన వంటగదిలో తాడు మీద వేలాడతాయి. దానికి కిటికీ పెట్టడం నేను మర్చిపోయాను, సాయంత్రానికి కూడా తడారవు. పైనుంచి చూసేవాళ్లు ఇల్లు ఎంత ముచ్చటగా ఉందో అంటారట.

గోడకు మాత్రం ఇంతవరకు వెంట్రుకంత పగులు లేదు.