భయాన్ని దిగులని చెప్పాను

పదహారేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. పెళ్లానికి చెప్పలేదు. గుడికి పోయి దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా పైకి అనలేదు, పెదాలు కదిపి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు మోసేవాణ్ణా?

మాది కడప జిల్లా. కువైట్‌లో, రుమైథియాలో ఒక ఇంటికి డ్రైవర్ని. ఆ ఇంట్లో పనికి మనిషి కావాలంటే ఓబులమ్మను నేనే పిలిపించాను. మా చిన్నమ్మ తరఫు చుట్టం, వరసకు చెల్లెలు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంటావిడను మేమంతా మామా అనేవాళ్లం. మామా వాళ్లు బయటికి పోయినప్పుడల్లా ఓబులమ్మను లోపల ఉంచి బయట తాళం వేసేవాళ్లు. పారిపోతుందేమోనని. మా వీధిలో చాలా ఇళ్లలో అదే పద్ధతి, ఎవరికీ వింతగా ఉండేది కాదు. అందరూ బండెక్కాక చివర ఎక్కేది నేను. అందుకని తాళం వేసేది కూడా నేనే.

ఆరు నెలలకు ఆమె చేతులు వణకడం మొదలైంది. గ్లాసులు జారిపోయేవి. నిద్ర బొత్తిగా పోయింది. ఆసుపత్రి మాత్రలు వేసుకుంటే పొయ్యి దగ్గర నిలబడే తూగేది, మామా తిట్లు లంకించుకునేది. అప్పుడు నాకు ఫహాహీల్‌లోని కొరియా పెద్దాయన గుర్తొచ్చాడు. అంతకుముందు నేను బండి తోలిన కంపెనీలో ఒక ఇంజనీరు ఉండేవాడు, ఆయన తండ్రి. కొడుకు దగ్గర ఉండటానికి వచ్చాడు. వాళ్ల దేశంలో వేర్లతో, సూదులతో నయంచేసే పాతకాలపు డాక్టరట. అడిగినవాళ్లను కొడుకు ఫ్లాట్లోనే ఊరికే చూసేవాడు. ఒక శుక్రవారం మామాను బతిమాలి ఓబులమ్మను తీసుకుపోయాను. ఆయనకు కాస్త ఇంగ్లీషు వచ్చు, నాకు కాస్త వచ్చు. ఓబులమ్మకు తెలుగు తప్ప ఇంకేం రాదు. ఇద్దరి మధ్యా ఉన్నది నేనొక్కణ్ణే.

ఆయన నాలుక చాపమన్నాడు. రెండు చేతుల నాడీ మూడేసి వేళ్లతో పట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. రొమ్ము నడిమి ఎముక మీద ఆమెనే వేలితో నొక్కుకోమన్నాడు. నొక్కుకోగానే అబ్బా అంది. అప్పుడు నాకు నెమ్మదిగా విడమర్చి చెప్పాడు. వాళ్ల వైద్యంలో మనసుకు ఇల్లు గుండెకాయ. రాత్రయితే మనసు ఆ ఇంట్లోకి పోయి పడుకోవాలి. దిగులు ఎక్కువైతే ముందు అరుగుదల చెడుతుంది, రక్తం తగ్గుతుంది, గుండెకు పోషణ చాలదు, నిద్ర రాదు. దానికి మందుంది. బెదురు వేరు. బెదిరినవాళ్లకు గుండెతో పాటు పిత్తాశయం కూడా నీరసిస్తుంది. మనం గుండె ధైర్యం అంటాం, వాళ్ల లెక్కలో ధైర్యం ఉండేది పిత్తాశయంలోనట. బెదురుకూ మందిస్తాను గానీ, బెదిరించేది ఇంట్లోనే ఉంటే ఏ మందూ నిలవదు, ముందు దాన్ని తీసేయాలి అన్నాడు.

"ఈమెది దిగులా, బెదురా? అడుగు."

అడిగాను. ఓబులమ్మ నా వైపు చూడలేదు. ఆయన వైపే చూస్తూ చెప్పింది.

"బెదురే న్నా. తాళం శబ్దం ఇనపడితే సాలు, పానం పోయినట్లయితాది. పండుకున్యా అదే ఇనపడ్తాంటాది. బయట తాళం యెయ్యొద్దని మామాకు ఒక మాట చెప్పమను న్నా, పెద్దాయన చెప్తే ఇంటాదేమో."

నేను ఆయనతో ఏం చెప్పానో తెలుసా? ఊళ్లో పిల్లలున్నారు, వాళ్ల మీద దిగులు పెట్టుకుంది అన్నాను. ఒక మాటతో సరిపోయేదానికి ఎంతో చెప్పుకొచ్చాను. పిల్లలెంతమంది, ఎవరి దగ్గర పెరుగుతున్నారు, అన్నీ. నేను అంతసేపు మాట్లాడటం చూసి ఓబులమ్మ నాకు చేతులు జోడించింది.

ఎందుకన్నాను? నా వీసాకు పూచీ ఉన్న యజమాని, కఫీల్‌కు తెలిస్తే ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు రద్దవుతుందని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది తర్వాత కుట్టుకున్న సాకు. ఆ క్షణాన కఫీల్ గుర్తుకే రాలేదు. తాళం ఎవరు వేస్తారని ఆయన అడుగుతాడు, నేనే అని చెప్పాలి. అంతే. ఆ ముసలాయన ముందు తల దించుకోవడం ఇష్టంలేక ఒక ఆడమనిషి బతుకు బుగ్గిచేశాను. ఛీ, ఎంత చిన్న కారణం!

ఆయన దిగులుకే మందిచ్చాడు. వేయించిన రేగుగింజలు, ఏవో వేర్లు, పొట్లాలు కట్టి. కాచుకుని పొద్దునా సాయంత్రం తాగమన్నాడు. ఓబులమ్మ ఒక్క పూట తప్పకుండా తాగింది. నేను ఒక్కసారి తప్పకుండా తాళం వేశాను.

నెల తిరగలేదు. ఒక మధ్యాహ్నం మామా వాళ్లను బంధువులింట్లో దింపాక, పిల్లల సంచి మరిచిపోయామంటే నేనొక్కణ్ణే వెనక్కి వచ్చాను. ఇంటి పక్క సందులో ఓబులమ్మ పడి ఉంది. పై అంతస్తు కిటికీకి దుప్పటి కట్టి దిగబోయింది. మూలుగుతోంది. నేను ముందు పోయి తాళం తీశాను. తలుపు బార్లా తెరిచి పెట్టాను. ఆ తర్వాతే ఆమె దగ్గరికి పరిగెత్తాను.

ఆసుపత్రిలో పోలీసు అడిగితే ఆమెకూ ఆయనకూ మధ్య మళ్లీ నేనే. ఆమె గదిలోంచి ఆ మందు పొట్లాలు తెచ్చి చూపించాను. నిద్రలేదు, మతి సరిగా లేదు, చాలా రోజులుగా వైద్యం జరుగుతోంది అన్నాను. మామా అవునని తలూపింది. ఆయన రాసుకుని, ఖలాస్, ఇంక అయిపోయింది అని లేచి వెళ్లిపోయాడు. నయం చేయాలని ఆ ముసలాయన ఇచ్చిన మందును నేను ఆమెకు పిచ్చి ఉందనడానికి సాక్ష్యం చేశాను.

నడుము ఎముక విరిగింది. ఊరికి పంపించేశారు. కాళ్లు మళ్లీ రాలేదు. నేను ఇంకా ఇక్కడే, అదే ఇంట్లో బండి తోలుతున్నాను.

మొన్న ఫోన్ చేసింది. ఇప్పటికీ కునుకు పట్టదట. మాటల్లో అంది, "ఆ కొరియా ముసలాయన గూడా మన మాట ఇనుకోకపాయ గదన్నా. నువ్వు అంతసేపు చెప్తివి పాపం. ఉత్త పొట్లాలిచ్చి పంపిచ్చె. నువ్వు మాత్రం ఏం చేస్తావులే."

నేను ఊఁ అన్నాను. పదహారేళ్ల తర్వాత కూడా, ఊఁ అన్నాను.

ఆయన వినకపోవడం కాదు. నేను చెప్పలేదు. ఇదుగో, రాశాను. ఓబులమ్మకు చదువు రాదు. చదివి వినిపించమని నేను ఎవరికీ చెప్పను, నన్ను నేను ఎరుగుదును. రాశాక నాకు ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది.