మోటరు దొరకబట్టిన సుజాతక్క

2023 వానాకాలం. నిజామాబాద్ బస్టాండు దగ్గరి సందులో నాకు ఎలక్ట్రానిక్స్ సామాను దుకాణం ఉంది. ఇరవై రెండేళ్లుగా టంకం పొగ పీలుస్తూ ఎన్నో చూశాను గానీ, ఆ ఒక్క రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సుజాతక్క కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటు. నా దగ్గర ఓపెన్ సోర్స్ బోర్డులు కొనేది. అంటే, వాటి సర్క్యూట్ బొమ్మలు తయారుచేసినవాళ్లే నెట్‌లో అందరికీ పెడతారు. ఎవరైనా చూసి చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆమెకు ఇంకో సరదా జియోకాషింగ్. ఎవరో ఒక చిన్న డబ్బా ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు జీపీఎస్‌తో వెతికి, అందులోని పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి వస్తారు. ఆదివారమైతే ఆమె స్కూటీ భీమ్‌గల్ గుట్టల దిక్కో, జక్రాన్‌పల్లి దిక్కో పోయేది.

వాళ్ల బాపు పోశన్నకు కోటగిరి దగ్గర వరి పొలం. చుట్టుపక్కల పొలాలకు నీళ్లు తోడే మోటర్లు మాయమవుతుంటే, సుజాతక్క మోటరును నడిపే స్టార్టర్ డబ్బాలో జీపీఎస్ మాడ్యూలు, సిమ్, చిన్న బ్యాటరీ అమర్చింది. డబ్బా కదిలితే, ఎక్కడుందో ఆమె ఫోనుకు మెసేజ్ వస్తుంది. మాడ్యూలు కాళ్లు మరీ సన్నవి, అందుకని టంకం నేనే పెట్టి ఇచ్చాను.

నాటు వేసి పదిరోజులైంది, వాన జాడ లేదు. ఆ సమయంలోనే ఒక రాత్రి పోశన్న మోటరు, స్టార్టరుతో సహా పోయింది. తెల్లారి సుజాతక్క చూసుకుంటే, ఫోనుకు చివరగా వచ్చిన అంకెలు బోధన్ పోయే రోడ్డు పక్కన ఒక పాత ఇనుము దుకాణం చూపించాయి. ఠాణాకు పోతే “దరఖాస్తు ఇచ్చి పోండి, చూస్తం” అన్నారు. అప్పుడు నాకు ఫోన్ చేసింది. ఆమె, పోశన్న, నేను ముగ్గురం పోయాం. రేకుల కింద సిగ్నల్ అటూ ఇటూ దుంకుతుంటే, ఆమె ఓపికగా ఒక్కోచోట నిలబడి చూసుకుంటూ గోనెసంచుల కుప్ప దగ్గర ఆగింది. కింద మోటరు, స్టార్టరు. చెయ్యి పెట్టకుండా పోలీసులకు చెప్పాం. వాళ్లు వచ్చి, ఆ సామానుతో పాటు మమ్మల్నీ దుకాణపాయననూ ఠాణాకు తీసుకుపోయారు.

మెచ్చుకుంటారని అనుకున్నాను. ఠాణాలో ఎస్సై మొదటి ప్రశ్నే వేరు.

“మోటరు అక్కడ్నే ఉన్నదని నీకెట్ల తెలిసింది?”

“డబ్బాల జీపీఎస్ పెట్టిన సార్.”

“ఏ కంపెనీది?”

“కంపెనీది కాదు సార్. నేనే చేసిన.”

“నువ్వే చేసినవా?” అని నవ్వి, ఆమె బ్యాగు బోర్లించాడు. చిన్న నోటుబుక్కు పడింది. పేజీ నిండా అంకెలు, పక్కన ‘రాళ్ల సందు’, ‘మోరీ కింద ఎడమ దిక్కు’ అని రాతలు. జియోకాషింగ్‌లో ఆమె వెతికిన డబ్బాల చిట్టా అది.

“ఈ జాగలేంది? ఇంకా ఎవరెవరి మోటర్లు దాచిండ్రు?”

పాత ఇనుము దుకాణపాయన “ఎవడో పడేసి పోయిండు సార్” అన్న ఒక్క ముక్క చెప్పి, కుర్చీలో కూర్చుని చాయ తాగుతున్నాడు. సుజాతక్క రెండు గంటలుగా నిలబడే ఉంది.

ఎస్సై నా దిక్కు తిరిగాడు. “ఇది నువ్వే చేసిచ్చినవా?”

“నేను సామాను అమ్ముత సార్. వాళ్లేం చేసుకుంటరో నాకు తెల్వది.”

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. సుజాతక్క నన్ను చూసి తల దించుకుంది. పోశన్న మాత్రం ఊరుకోలేదు.

“సార్, నా మోటరు నా బిడ్డ దొరకబట్టింది. మోటరు దొరికిన దుకాణపోడు కుర్సీల కూసున్నడు, నా బిడ్డ నిలవడ్డది. గిదేం న్యాయం?”

నాకు సిగ్గుతో చెవులు కాలాయి. “సార్, ఇందాక అబద్ధం చెప్పిన. దీని టంకం నేనే పెట్టిన. ఇప్పుడే చూపిస్త, సూడుండ్రి” అన్నాను. స్టార్టర్ డబ్బా తెరిచి ఒక్కో భాగం చూపించి, వాకిట్లోకి తీసుకుపోయి కదిలించాను. రెండు నిమిషాలకు మెసేజ్ వచ్చింది. ఆ అంకెలు ఎస్సై తన ఫోన్లోనే కొట్టి చూస్తే, మ్యాపు మీద ఆ ఠాణాయే కనిపించింది. నోటుబుక్కులో దగ్గరున్న చోటుకు కానిస్టేబులును పంపితే, మోరీ కింద నుంచి ఒక టిఫిన్ డబ్బా తెచ్చాడు. లోపల ఒక పుస్తకం, వచ్చిపోయినవాళ్ల పేర్లు, రెండు గాజు గోటీలు.

“గింత పెద్దగైనంక ఇవేం ఆటలమ్మా” అని ఎస్సై నవ్వాడు. తప్పయిందని ఒక్క మాట లేదు. అదే డబ్బా మీద ఒక కంపెనీ స్టిక్కరు ఉండి ఉంటే ఆమెకు కుర్చీ వేసేవారు. చేతులతో చేసుకున్న మనిషి అంటే ఇంత చులకనా? ఆడమనిషి, పైగా సొంత తెలివి అంటే ఇంత అనుమానమా?

రాతకోతలయ్యి మోటరు చేతికి వచ్చేసరికి పన్నెండు రోజులు. పక్క పొలం నీళ్లతో పోశన్న మడి ఎండకుండా కాపాడుకున్నాడు. తర్వాతి సోమవారం సుజాతక్క మళ్లీ దుకాణానికి వచ్చింది. మొహం చెల్లక నేను సామాను సర్దుతున్నట్టు నటించాను.

“అన్న, ఇంకో మాడ్యూలు ఇయ్యి. పక్క పొలమాయన కూడ పెట్టుమన్నడు” అంది.

“అక్క, ఆ రోజు నేను...”

“భయపడ్డవు. నేను కూడ భయపడ్డ. కానీ నువ్వు తెల్వదన్నప్పుడు, వాళ్లు అడిగిన ప్రశ్నలకంటే ఎక్కువ నొచ్చింది.”

ఆ పోలీసుల మీద కోపం నాకు ఈ రోజుకూ చల్లారలేదు. కానీ ఆ మాట నా మీద నాకే కోపం తెప్పించింది. ఆ సోమవారమే ఆమె మాడ్యూలుకు టంకం పెట్టి, చిన్న డబ్బాలో అమర్చి, దాని మూత లోపల చెరగని సిరాతో నా పేరు, దుకాణం ఫోన్ నంబరు రాశాను. నా చెయ్యి పడ్డ ప్రతి డబ్బాలోనూ ఇప్పుడు అట్లాగే రాస్తాను. రేపు ఎవరు విప్పి అడిగినా, తెల్వదని చెప్పే దారి నాకు ఉండొద్దు.