నాలుగు బై అయిదు సారు

కిందటి వారం మంగళవారం పొద్దున, హబ్సిగూడలో మా ఇంట్లో ఫోను మోగింది. "అక్కా, బాపు పోయిండు" అంది సారు కూతురు. తొంభై దాటిన మనిషి, నాలుగు రోజులే మంచం మీద ఉన్నారు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయారని నేను ఓదార్చబోయాను. "ఇబ్బంది పెట్టలేదని ఎవరన్నరు? ఆస్పత్రిల ఎక్స్‌రే పిల్లగానితోని కొట్లాడిండు" అని ఏడుస్తూనే నవ్వేసింది. తన ఛాతీ ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, కళ్లద్దాలు సవరించుకుని చూశారట. "షీటు పెద్దదే. గని ఇది ప్రింటరుల పుట్టింది. లెక్కలకు రాదు" అని తీర్పు చెప్పి ఆ కుర్రాడి చేతికే తిరిగిచ్చేశారట.

ఆ తీర్పు నేను ఎరగనిది కాదు. ఒకప్పుడు నా మీదే పడింది.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో బాటనీ ఎమ్మెస్సీ చదువుతుండేదాన్ని. నాన్న సర్కారు ఉద్యోగం కోసం కర్నూలు నుంచి వచ్చి తార్నాకలో అద్దెకు దిగాం. మాకు రెండిళ్ల అవతల సారు వాళ్లుండేవారు. ఆయన సైన్సు కాలేజీ ఫోటోగ్రాఫరు. టేకు చెక్క కెమెరా, దానికి హార్మోనియం తిత్తిలాంటి ముడతల తోలు, మూడు కాళ్ల స్టాండు, నల్లగుడ్డ. ఎక్కడికైనా ఫోటోకు వెళ్లాలంటే రిక్షా పిలిచి, సీటు మీద కెమెరాను కూర్చోబెట్టి, తాను పక్కన నడిచేవారు. సారూ మీరూ ఎక్కండి అని రిక్షా అతను బతిమాలితే, "నాకు కాళ్లున్నయి, దానికున్నయి కట్టెకాళ్లు" అనేవారు.

గ్రూపు ఫోటో రోజు ఆయన రాజ్యమే. నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, "కదలకుండ్రి! ఊపిరి తియ్యకుండ్రి!" అని ఒక్క కేక వేస్తే ప్రొఫెసర్లు, ప్యూన్లు, మొక్కలతో సహా అందరం బిగుసుకుపోయేవాళ్లం. ఓసారి మా హెడ్డుగారు తుమ్మారు. "మీ ఒక్కరి తుమ్ముకు నలభై మంది మళ్ల నిలబడాలె" అని అందరి ముందూ కడిగేశారు. హెడ్డుగారు క్షమాపణ చెప్పారు కూడా.

ఆ ఏడాది క్యాంపస్‌లో ఫోటోల ప్రదర్శన పెట్టారు. మామూలు విభాగం ఒకటి, పెద్ద ఫార్మాట్ విభాగం ఒకటి. మా మామయ్య ఇచ్చిన రోలు కెమెరాతో నేను కాలేజీ రాతి కమానులను తీశాను. సికింద్రాబాదులో ఓ స్టూడియోకు వెళ్లి, గోడకు సగం పట్టేంత పెద్దగా ప్రింటు వేయించాను. ఇంత పెద్ద ఫోటో ఇంకెవరు తెస్తారు? పెద్ద విభాగంలో నా పేరు రాసి, నాన్నకు చెప్పాను. నాన్న కర్నూలులో పెదనాన్నకు ఉత్తరం రాశారు. పెదనాన్న సోమవారానికి రైలెక్కి వస్తానని జవాబు రాశారు.

జడ్జి సారే. శనివారం ప్రింటులన్నీ చూస్తూ నా దగ్గరకొచ్చి, "నెగెటివు ఏదమ్మా?" అన్నారు. ఇచ్చాను. చొక్కా జేబులోంచి ఓ అట్టముక్క తీశారు. నాలుగంగుళాల వెడల్పు, అయిదంగుళాల పొడవు. అది ఎప్పుడూ ఆయన గుండె మీదే ఉండేది. దాన్ని నా ఫిల్ము మీద పెట్టారు. నా ఫిల్ము దాని కింద పూర్తిగా దాక్కుంది.

"లెక్కలకు రాదు బిడ్డా."

"ఫోటో ఎంత పెద్దగా ఉందో చూడండి సార్!"

"అప్పడం ఎంత పెద్దగ ఒత్తినా, ఉండ ఎంతనో అంతనే గదా. ఫిల్ము చూడాలె. నాలుగు బై అయిదు, ఆపైన. రోలు కాదు, ఒక్కొక్క షీటు. పాతకాలం గాజు పలకలైనా సరే."

పక్కనున్న ఫిజిక్సు లెక్చరరు, క్యాంపస్ ఫోటో క్లబ్బుకు ఆయనే సెక్రటరీ, మరి పావు ప్లేటు సంగతేమిటని అడ్డం వచ్చారు. అది నాలుగు బై అయిదుకు కొంచెం తక్కువ సైజు పలక. "అది వాకిట్లదాకొచ్చింది, ఇంట్లకు రాలె" అన్నారు సారు. సారూ ఆయనా దాని మీద ఎన్నేళ్లు కొట్లాడుకున్నారో నాకు తెలుసు.

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. సోమవారం పెదనాన్న వస్తే ఏం చూపించాలి? మామూలు విభాగంలో పెడదాం, చిన్న ఫిల్ము అంటే తక్కువేం కాదని సారు నచ్చజెప్పారు. నేను వినలేదు. పెద్ద దాంట్లోనే పెట్టాలన్నాను. చివరికి ఆయన, "రేపు పొద్దుగాల రా. నా కెమెరా ఇస్త. రెండు షీట్లిస్త. రెండే" అన్నారు.

ఆదివారం పొద్దున్నే వెళితే, ముందు డార్క్‌రూములో ఓ నెగెటివు, భూతద్దం చేతిలో పెట్టారు. మా డిపార్టుమెంటు మొక్కదే. కాడ మీది నూగు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పెద్ద షీటు దేనికో ఆయన ఇంకో మాట చెప్పక్కర్లేకపోయింది.

దేన్ని తీయాలి? మా కాలేజీ వెనక చెట్టు నీడలో స్టాండు నిలబెట్టి, "మిమ్మల్నే" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డారు. అందరి ఫోటోలూ తీసిన మనిషికి తనదంటూ మంచి ఫోటో లేదు. జుట్టు దువ్వుకుని, గుండీలు సర్దుకుని బెంచీ మీద కూర్చున్నారు. నేను నల్లగుడ్డలో దూరాను. కెమెరా వెనక గరుకు అద్దం మీద సారు తలకిందులుగా, బుద్ధిగా ఉన్నారు. బయటికొచ్చాను. ఒక్క సెకను కదలకూడదు. ఆయన గొంతు నాకు తెలియకుండానే వచ్చేసింది.

"కదలకు బిడ్డా! ఊపిరి తియ్యకు!"

సారు తల వెనక్కి వేసి పగలబడి నవ్వారు. అప్పటికే నేను నొక్కేశాను.

రెండోసారి ఆయన రాతిబొమ్మలా కూర్చున్నారు. ఈసారి బాగా వచ్చిందని సంబరపడ్డాను. డార్క్‌రూములో కడిగి చూస్తే రెండో షీటు మీద ఏమీ లేదు. షీటుకు అడ్డంగా ఓ రేకు ఉంటుంది. దాన్ని పైకి లాగితేనే వెలుగు లోపలికి పోతుంది. నేను లాగనే లేదు.

"మీరు చూశారా సార్?"

"చూసిన."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే గది నేను తీసిన ఫోటో అయితది. నువ్వు తీసింది ఎట్లయితది?"

ఆ మాటకు అప్పుడు నాకు ఒళ్లు మండింది. తర్వాత ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినప్పుడు, పిల్లల చేతిలోంచి స్లైడు లాక్కుని నేనే సరిచేయబోయిన ప్రతిసారీ చేయి వెనక్కి తీసుకునేలా చేసింది ఆ మాటే. నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆయనే.

మిగిలింది మొదటి షీటు. ముఖం అలుక్కుపోయింది. పరువు పోతుంది, వద్దన్నాను. "షీటు మీద పడ్డది, నువ్వు తీసినవు. లెక్కలకు వస్తది. పెట్టు" అని దగ్గరుండి ప్రింటు వేయించారు. బహుమతి మాత్రం ఇవ్వలేదు. "ముక్కు ఏడుందో తెల్వది, దీనికెట్ల ఇస్త?" అన్నారు.

సోమవారం నాన్న, పెదనాన్న వచ్చారు. "ముఖం యాడుందమ్మా?" అని నాన్న గొణిగారు. పెదనాన్న మాత్రం ఫోటోకు ముక్కు ఆనించి, "ఒరేయ్, ఈయన చేతి గడియారంలో టైము కనబడతాందిరా! గుండీ దారం కూడా కనబడతాంది!" అని హాలంతా వినబడేలా అరిచారు. ఇంటికెళ్లాక నేను ఆ ఫోటోను ట్రంకు అడుగున పడేశాను. నా రెండు తప్పులూ గుర్తొచ్చేవి.

ఇప్పుడు సారు పదో రోజు కోసం వాళ్లింట్లో ముందు ఓ గుర్తింపు కార్డు ఫోటోను పెద్దది చేయించారు. అందులో ఆయన ఎవరి మీదో ఫిర్యాదు రాస్తున్నట్టున్నారు. "గీ ఫోటోల బాపు లేడక్కా. నీ దగ్గరున్నది తీస్కరా" అంది కూతురు. ట్రంకు తీశాను.

దండ వేసి గోడకు పెట్టారు. వచ్చినవాళ్లు చేతులు జోడించి ముందుకొచ్చి, తలెత్తి చూసి, ఒక్క క్షణం ఆగి నవ్వుతున్నారు. చొక్కా గుండీలు, బెంచీ చెక్క గీతలు, ఏడు దాటి పది నిమిషాలు చూపే గడియారం, అన్నీ చెక్కినట్టు కదలకుండా ఉన్నాయి. కదిలింది ఆ నవ్వు ఒక్కటే. ఆయన్ని ఎరిగిన ప్రతివాళ్లూ దూరం నుంచే గుర్తుపట్టారు.