మాలగా బస్సులో ముందు సీటు

దుబాయ్‌లోని సత్వా బస్‌స్టాండులో బస్సు తలుపు మూసుకునేటప్పుడు బుస్సుమని ఒక చప్పుడు వస్తుంది. రోజూ కూరగాయల సంచులతో ఆ బస్సులు ఎక్కి దిగేవాణ్ణి, ఈపాటికి అలవాటు కావాలి. కాలేదు. ఆ బుస్సు వినగానే ఇప్పటికీ చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయి, అక్కడ లేని ఒక నల్లసంచి పట్టీని తడుముతుంది. ఆ సంచి మామాది.

సత్వాకు రాకముందు దుబాయ్‌కి ఉత్తరాన ఉన్న రాస్ అల్ ఖైమాలో ఒక అరబ్బుల ఇంట్లో ముప్పై ఏళ్లు వంటవాణ్ణి నేను. అక్కడి ఇళ్లలో పనివాళ్లంతా పెద్దావిడను మామా అని పిలుస్తారు. మొదట్లో నేను ఫోన్లో మామా తిట్టిందని చెబితే, జగిత్యాల నుంచి మా ఆవిడ "మామ తిట్టుడేంది, నాకు తెల్వకుండ నీకు అక్కడ అత్తగారిల్లు ఏడికెళ్లి వచ్చింది" అని నిలదీసేది. మామా పొట్టి మనిషి. చేతికర్ర. పాతకాలపు అరబ్బు ఆడవాళ్లు ముఖానికి కట్టుకునే బంగారు మెరుపు పట్టీ, అక్కడ దాన్నే బుర్ఖా అంటారు, అది ముక్కునూ పెదవులనూ కప్పేస్తే, పైన రెండు కళ్లు మాత్రం కనిపించేవి. కూరలో ఉప్పెక్కువైతే ఆ కళ్లే చెప్పేవి. నా మాట లేనిదే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని సత్వాలో నాతోపాటు ఒకే గదిలో ఉండే కుర్రాళ్లకు చెబుతుంటాను. నిజానికి ఏం వండాలో ఆమే చెప్పేది, ఎలా వండాలో కూడా ఆమే చెప్పేది. పొయ్యి వెలిగించడం ఒక్కటే నా చేతిలో ఉండేది. ఆమె మాట్లాడింది అరబ్బీ, మధ్యలో విరిగిన హిందీ. అన్నేళ్లు విన్నాక అవి నాకు మా ఊరి మాటల్లాగే గుర్తుండిపోయాయి. అలాగే రాస్తున్నాను.

కరోనా వచ్చిన ఏడాది ఇంటిల్లిపాదీ ఊరి బయట ఇసుకలో ఉన్న వాళ్ల తోటకు మకాం మార్చాం. ఒక సాయంత్రం పొయ్యిలోకి పుల్లలు ఏరుదామని వెళ్లి, ఇసుక దిబ్బల వెనక దారి తప్పాను. ఎటు చూసినా ఒకే దిబ్బ. భయంతో నడిచాను, నడిచినకొద్దీ భయం పెరిగింది, భయపడినకొద్దీ ఇంకా గట్టిగా నడిచాను. చివరికి కర్ర పొడుచుకుంటూ నా అడుగుల వెంటే వచ్చిన మామా కనిపించింది. ఓదారుస్తుందనుకున్నాను.

"నడువుమని నీకెవరు చెప్పిన్రు గంగారాం?"

"ఇల్లు దొర్కుతదేమోనని మామా."

"తప్పిపోయినోడు కూసోవాలె. ఎతికెటోళ్లు నడువాలె. ఇద్దరు నడిస్తె ఎట్ల కలుస్తరు? మేకపిల్లకు గూడ తెలుసు ఈ సంగతి."

ఆ రోజు నుంచి చాలాకాలం ఆ ఇంట్లో నా పేరు మేకపిల్ల.

కరోనా గుబులు తగ్గాక ఒక వేసవిలో ఆమె కొడుకు సయీద్, పనివాళ్లకు బాబా, కుటుంబాన్నంతా స్పెయిన్‌లో మాలగా అనే సముద్రపు ఊరికి తీసుకెళ్లాడు. బయటి తిండి మామాకు పడదు కాబట్టి నన్నూ తీసుకెళ్లాడు. మాలగాలో నాకు తెలియని వీధి లేదు. ఇది గదిలో చెప్పేది. తెలిసినవి మూడు. అందులో ఒకటి మేము దిగిన ఇంటి వీధి, రెండోది కూరగాయలది, మూడోది ఆ రెండింటి మధ్యది. ఆ మూడు వీధుల్లోనే నేను నివ్వెరపోని రోజు లేదు. రోడ్డు దాటడానికి కాలు కింద పెడితే అంత పెద్ద కార్లు నా కోసం ఆగిపోయేవి. ఎవరైనా మంత్రి వస్తున్నాడేమోనని నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. మధ్యాహ్నం కాగానే దుకాణాలన్నీ షట్టర్లు దించుకుని నిద్రపోయేవి. ఇక సముద్రం ఒడ్డున జనం ఉన్న తీరు చూసి రెండు చేతులతో కళ్లు మూసుకున్నాను. వేళ్ల మధ్య సందులు ఉన్న మాట కూడా రాయాలి కదా.

ఒకరోజు పొద్దున సయీద్ భార్యాపిల్లలతో పక్క ఊరికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ నాకు వేలు చూపించి మరీ చెప్పాడు: "గంగా, అమ్మ గడప దాటొద్దు. ఆమెకు షుగర్, మోకాళ్లు. ఏదైనా అయితే నిన్నే అడుగుతా." కారు మలుపు తిరిగిందో లేదో, మామా చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"యల్లా, లే గంగారాం. ఈ ఊళ్లె సముద్రం ఒడ్డుకు చేపలు కాలుస్తరట. ఇసుకల పుల్లలు గుచ్చి. టీవీల చూసిన. బస్సుల పోదాం."

"సయీద్ బాబా కోప్పడుతడు మామా."

"ఆన్ని కన్నది నేనా, నువ్వా? ఈ ఊరు నీకు ఎరికేనని వంటింట్ల గప్పాలు కొడుతున్నవ్ గద. నడువు."

ఇక తప్పించుకునే దారి లేదు. తన నల్లసంచి నా భుజానికి తగిలించింది. అందులో ఆమె ఫోను, మందులు, షుగర్ పడిపోతే తినడానికి ఖర్జూరాలు. బస్సు డ్రైవరు మాస్కు పెట్టుకోమని సైగ చేస్తే మామా తన బుర్ఖాను వేలితో తట్టి చూపించి, మరి ఇదేమిటి అన్నట్టు నిలబడింది. నేను బతిమాలి దాని మీదే నీలం మాస్కు కట్టాను. ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టి నేను బస్సు చివరికి వెళ్లి కూర్చున్నాను. బస్సు దాదాపు ఖాళీ. ఎవరూ వెళ్లమనలేదు. దుబాయ్ బస్సుల్లో ముందు సీట్లు ఆడవాళ్లవి, మగవాళ్లు వెనక. ఏళ్లనాటి అలవాటు, ఆ ఊళ్లో ఆ నియమం ఉందా లేదా అని నా బుర్రకు తట్టనే లేదు. మామాకూ తట్టలేదు.

కొంతదూరం పోయాక కిటికీలోంచి సముద్రం, ఒడ్డున పొగ కనిపించాయి. బస్సు ఆపమని మీట నొక్కి వెనక తలుపు నుంచి దిగి, మామాకు చెయ్యి అందిద్దామని గబగబా ముందు తలుపు దగ్గరికి నడిచాను. అది తెరుచుకోలేదు. ఆ ఊళ్లో ముందు తలుపు ఎక్కడానికి మాత్రమేనట. వెనక తలుపు బుస్సుమని మూసుకుంది. అద్దం వెనక నీలం మాస్కు, దాని పైన రెండు కళ్లు నా ముందు నుంచి మెల్లగా జరిగి వెళ్లిపోయాయి.

బస్సు వెంట ఊరి చివరిదాకా పరిగెత్తి దాన్ని అరచేత్తో ఆపానని చెబుతుంటాను. మందుల దుకాణం దాకా పరిగెత్తాను. అది పక్కనే. అక్కడ ఊపిరాడక గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆమెకు ఆ ఊరి భాష రాదు. ఫోను నా దగ్గర, మందులు నా దగ్గర. కనిపించినవాళ్లందరికీ ముక్కు మీద చెయ్యి పెట్టి, కర్ర పట్టినట్టు నటించి చూపించాను. ఒకావిడ జాలిపడి నాకు మంచినీళ్లు ఇచ్చింది. తర్వాతి బస్సెక్కి చివరి స్టాపుకు వెళ్లాను. లేదు. తిరిగి వచ్చాను. లేదు. నడిచి వెతుకుతుంటే సంచిలో ఫోను మోగింది. సయీద్.

"అమ్మ ఏం చేస్తోంది?"

"పండుకుంది బాబా."

అబద్ధం ఆడటం నాకు కొత్త కాదు. కానీ నా అబద్ధానికి నా ఒళ్లే చల్లబడటం అదే మొదటిసారి. వీసా పోతుందని, ఇంటికి తరిమేస్తారని భయపడ్డానంటే అది చిన్నమాట. ఆమె ఎక్కడో ఏ మెట్ల మీదో కళ్లు తిరిగి పడిపోయి ఉంటే, ఖర్జూరం నా భుజాన ఉంది. మొదట దిగిన స్టాపుకే ఎలాగో చేరి బల్ల మీద కూలబడ్డాను. తెలివితో కాదు, కాళ్లు ఆడక.

కాసేపటికి రోడ్డుకు అవతల ఒక బస్సు ఆగింది. వెనక తలుపు నుంచి ముందు కర్ర దిగింది, తర్వాత మామా దిగింది. ఒక స్పెయిన్ ముసలమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని ఉంది. ఇద్దరూ చెరో భాషలో గట్టిగా మాట్లాడుకుంటున్నారు, ఎవరి మాట ఎవరికీ అక్కర్లేనట్టు. కార్లన్నీ ఆగాయి. మామా నింపాదిగా రోడ్డు దాటి నా ముందు నిలబడింది. ఏడుపు ఆపుకోలేక నేను ఆమె చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఇప్పుడు కూసున్నవా, మేకపిల్లా?"

"మామా, మీరు తప్పిపోయి..."

"నేనెందుకు తప్పిపోత? నేను బస్సుల ఉన్న. అది ఏడికి పోవాల్నో దానికి ఎరికె. తప్పిపోయింది నువ్వు. నిన్ను ఎతుకుతనే అటు ఒకసారి పోయిన, ఇటు ఒకసారి వచ్చిన. రెండుసార్లు కిటికీలకెళ్లి చూసిన. ఒకసారి అటు ఉరుకుతున్నవ్, ఒకసారి ఇటు ఉరుకుతున్నవ్. ఎట్ల పట్టుకోవాలె నిన్ను?"

నేను ఊరంతా ఆమె కోసం తిరుగుతుంటే, ఆమె నా కోసం తిరుగుతోంది. దారి తప్పినవాణ్ణి నేనేనన్న ఆలోచన ఆ మధ్యాహ్నమంతా ఒక్కసారీ నాకు రాలేదు.

ఒడ్డున ఇసుక నింపిన ఒక పాత పడవ ఉంది. అందులోనే నిప్పులు వేసి, చిన్న చేపలను పుల్లకు గుచ్చి ఇసుకలో నాటి కాలుస్తున్నారు. మామా ఖర్జూరం నోట్లో వేసుకుని చాలాసేపు ఆ పొగలోనే నిలబడింది. "మా నాయిన ఇట్లనే కాల్చేటోడు. ఇంత పెద్ద ఇల్లు లేకుండె అప్పుడు. పడవే ఇల్లు," అంది. నాకు తెలిసి తండ్రి మాట ఆమె ఎత్తడం అదొక్కసారే. తినడానికి ఆమె బుర్ఖా అంచు ఎత్తినప్పుడు నేను ముఖం సముద్రం వైపు తిప్పుకున్నాను. ఈసారి వేళ్ల సందుల మాట లేదు.

"సయీద్‌కు ఏం చెప్పినవ్?"

"పండుకున్నరని."

"మంచిగ చెప్పినవ్. అదే ఉండనీ."

పోయిన చలికాలం ఒక తెల్లవారుజామున ఆమె నిద్రలోనే పోయింది. కాఫీ పట్టుకుని గది దాకా వెళ్లి, లోపల ఏడుపులు విని గుమ్మంలోనే బిగుసుకుపోయాను. మగవాళ్లు ఆమెను శ్మశానానికి తీసుకెళ్లాక ఆ ఇంట్లో ఏం చెయ్యాలో తోచలేదు. వంటింట్లోంచి గేటుకు, గేటు నుంచి వంటింటికి తిరిగాను. ఎన్నిసార్లు తిరిగానో, ఒకసారి గేటు దగ్గర ఆగి, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. సయీద్ తిరిగి వచ్చి, "ఇక్కడ కూర్చున్నావేం గంగా" అన్నాడు.

"మామా కూసోమన్నది బాబా."

అతను అర్థం అడగలేదు. తెల్లబట్టలతోనే వచ్చి ఆ దుమ్ములో నా పక్కన కూర్చున్నాడు. మాలగా సంగతి అప్పుడైనా చెబుదామనుకున్నాను. అదే ఉండనీ అన్న మాట అడ్డొచ్చింది.

ఉండిపొమ్మని సయీద్ అన్నా, ఆ వంటింట్లో ఉప్పు చూసే కళ్లు లేవు. అందుకే సత్వాకొచ్చి కుర్రాళ్ల మెస్సులో వండుతున్నాను. కొన్ని రోజులు బస్‌స్టాండులో ఆ బుస్సు విన్నాక ఎక్కవలసిన బస్సు ఎక్కను. వదిలేసి బల్ల మీద కూర్చుంటాను, ముందు సీట్లలో ఎవరున్నారో చూస్తూ. నాతోపాటు సరుకులకు వచ్చే నెల్లూరు మస్తాన్ "ఏంది పెద్దాయనా, బస్సు పోతా ఉంటే కూర్చుంటివే" అంటాడు. మోకాళ్ల నొప్పి అంటాను.

అది సగమే నిజం.