ఎడమచేతి తాడు

కొత్తవాడలో మా ఇంటి ముందుగదిని ఇప్పటికీ మగ్గం గది అనే అంటాం. మగ్గం మాత్రం లేదు. మా ఆయనకు పక్షవాతం వచ్చాక దాన్ని విప్పి, కర్రలు అటక మీదికి ఎక్కించి, ఆ చోట ఇనుప మంచం వేశాం. ఊరంతటికీ జంపఖానాలు నేసిన మనిషి, తను నేసిన జంపఖానా మీదే పడుకుని ఉన్నాడు. కుడిపక్క మొత్తం పోయింది. మాట పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటి మిగిలింది.

దవాఖాన నుంచి తెచ్చిన కొత్తలో ఆ చెయ్యి ఊరికే ఉండేది కాదు. గాలిలో దేన్నో పట్టుకుని గుంజుతున్నట్టు ఆడేది. చూడవచ్చినవాళ్లు పానం కొట్టుకుంటాంది అన్నారు. నాకు తెలుసు అదేమిటో. పడుగు మధ్య పోగును మోసే నాడెను అటూ ఇటూ కొట్టడానికి మగ్గం మీద ఒక తాడు వేలాడుతుంది, దాని చివర చెక్కపిడి ఉంటుంది. బుద్ధెరిగిన నాటి నుంచి ఆయన గుంజింది ఆ పిడినే. కుడిచేతి పని అది. కుడిచెయ్యి చచ్చిపోతే ఎడమచెయ్యి నేర్చుకుంటోంది, అంతే.

నేను ఏదీ పారేసే మనిషిని కాను. అటక మీది నుంచి ఆ తాడు దించాను. దూలం మీదుగా వేసి, పిడి ఆయన ఎడమచేతికి అందేలా పెట్టాను. రెండో కొసకు పాత నాడె కట్టి, దాని పక్కన ఖాళీ నూనె డబ్బా వేలాడదీశాను. పిడి గుంజితే నాడె డబ్బాకు తగిలి టక్‌మనేది. ఒక్క టక్ అంటే దూప, నీళ్లు కావాలని. రెండంటే పక్కకు తిప్పమని. మొదటిరోజే నన్ను వంటింట్లోంచి పరుగెత్తించి, తీరా వచ్చాక ఏమీ వద్దన్నట్టు సగం మూతితో నవ్వాడు.

"ముసలోనికి ఆటలైనయి," అని తిట్టాను.

ఇల్లు గడవాలంటే నేను ఎనుమాముల యార్డుకు పోవాలి. మిర్చి రాశుల దగ్గర తాలు కాయలు ఏరే పని నాది. ఆ చేతులు సబ్బుతో ఎంత తోమినా మంట పోదు. ఒకసారి అవే చేతులతో ఆయన వీపు తుడిస్తే, అరవలేక కళ్ల వెంట నీళ్లు కార్చాడు. అందుకే ఆయనను కడగడానికి, తిప్పడానికి వేరే చేతులు కావలసి వచ్చాయి. కూతురు, ఇంటికి మనుషులను పంపే ఆఫీసు ఒకటి చూసి మాట్లాడింది.

వచ్చినామె చెడ్డది కాదు. గోర్లు కత్తిరించుకుని, కొప్పు బిగించుకుని వచ్చేది. నేను సాయంత్రం వచ్చేసరికి ఆయనకు బట్టలు మార్చి, ప్యాడు వేసి, వెల్లకిలా పడుకోబెట్టి ఉంచేది. ఆ ప్యాడు నేను ముట్టేదాన్ని కాదు, నా చేతుల సంగతి తెలుసు కనుక. పొద్దున ఆటో ఎక్కేముందు మాత్రం చెప్పిందే చెప్పేదాన్ని.

"టక్‌మంటె పోయి చూడు బిడ్డా. ఫోను తర్వాత."

"చూత్త తియ్యి పెద్దమ్మా. నీకన్న మా సూపర్‌వైజరే నయం."

ఒకరోజు అకాల వాన పడి యార్డులో కాంటాలు ఆగిపోయాయి. మధ్యాహ్నానికే ఇల్లు చేరాను. ఆమె గడప మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతోంది. లోపల ఆయన ఎడమ మణికట్టును మంచం పట్టీకి కట్టేసి ఉంది. కట్టింది నా పాతచీర అంచుతోనే. పిడిని ఎత్తి దూలానికి చుట్టేసింది.

"ఏందే ఇది? గొడ్డును కట్టినట్టు కట్టినవు?"

"మూత్రం పైపు గుంజుకుంటాండు పెద్దమ్మా. మొన్న రక్తం రాలేదా? చెయ్యి ఆడిత్తె కట్టాలెనని ట్రైనింగుల చెప్పిండ్రు."

"పైపు గుంజుతాండా, నిన్ను పిలుత్తాండా?"

"నాకెట్ల తెలుత్తది? దినమంత టక్ టక్. నీళ్లిచ్చినా కొడతడు, తిప్పినా కొడతడు. నేను సుత మనిషినే గదా."

రక్తం వచ్చిన మాట నిజమే. నేను ముడి విప్పాను. ఇద్దరం కలిసి ఆయనను పక్కకు తిప్పాం. నడుము కింద అరచేతి మేర తోలు ఊడి ఉంది. నడుమ నల్లబడింది. ఎన్నాళ్లుగా చెయ్యి కడుతూ, నేను వచ్చే వేళకు విప్పుతోందో ఆమెను అడగలేదు. పుండే చెప్పింది.

ఆఫీసుకు ఫోను చేశాను.

"సేఫ్టీ కోసమే కడతరమ్మా. మంచం మీదికెళ్లి పడితె మాకు మాటొస్తది."

"పుండైతె మాట రాదా సారు?"

"ఏజ్ అయింది గదమ్మా. బెడ్ పేషెంట్లకు కామనే."

"పిలిచెటోని చెయ్యి కట్టేత్తె, ఎట్ల పిలుత్తడు?"

బడి మొకం పెద్దగా చూడనిదాన్ని. అయినా ఆ ప్రశ్నకు జవాబు ఉంటుందనే అడిగాను. "వేరే ఆమెను పంపుతం," అన్నాడు.

వేరే ఆమె వచ్చింది. తాడు సంగతి చెబితే శ్రద్ధగా తల ఊపింది. నేను వచ్చే వేళకు చెయ్యి విడిచే ఉండేది. మణికట్టు మీద మాత్రం బట్ట అచ్చు ఉండేది. అడిగితే దుప్పటి ఒత్తుకుందంది. ఈమెను కూడా మార్పించమంటే కూతురు ఫోనులో ఏడ్చింది. "ఎవరొచ్చినా గంతేనే అమ్మా. మనుషులే దొరుకుతలేరు." డాక్టరు పుండుకు మందు రాసి, తరచూ తిప్పుతుండమన్నాడు. ఆ మాట నాకు చెప్పాడు. తిప్పాల్సిన వేళకు నేను మిర్చి రాశి ముందు ఉంటాను.

యార్డుకు సెలవు వచ్చిన రోజు చేతులకు కొబ్బరినూనె పట్టించి, మంట తగ్గేదాకా ఆగి, ఆయన పక్కన కూర్చున్నాను. దూలానికి చుట్టిన తాడు దించి, పిడిని ఆయన వేళ్ల మధ్య పెట్టాను.

"ఇగో, కొట్టు. నేనే ఉన్న."

వేళ్లు ముడుచుకోలేదు.

"ఒక్కపారి. దూప గాలేదా?"

పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. దూప కాకుండా ఎట్లా ఉంటుంది? పిడి జారి జంపఖానా మీద పడింది. నేనే అందుకుని గుంజాను. టక్‌మంది.

ఆ చప్పుడుకు ఆయన చెయ్యి కదిలింది. పిడి కోసమే అనుకున్నాను. అది మెల్లగా జరుగుతూ మంచం అంచుదాకా పోయింది. మణికట్టును ఇనుప పట్టీకి ఆనించి, కట్టమన్నట్టు ఆగింది. ఆయన నా ముఖం చూడలేదు.

నీళ్లు తెచ్చి చెంచాతో పోశాను. తాడు విప్పి, చుట్టచుట్టి, అటక మీద మగ్గం కర్రల పక్కన పెట్టాను. డబ్బాను కడిగి ఆరబెట్టి, నూకలు పోసుకున్నాను.