చేట ఇచ్చాక అడగకూడదు

మా అడవి అంచు పల్లెలో ఎండాకాలం బీడీల తునికాకు కోతకు పోయే ఇల్లాలు ఇంటిని ఊరికే వదిలిపోదు. ఇంట్లో ఉండిపోయే మనిషి చేతికి గుప్పెడు బియ్యం వేసిన చేట ఇస్తుంది. ఆ చేట అందుకున్న మనిషిదే ఆ పూట పెత్తనం. ఏం వండాలి, వచ్చిన చుట్టానికి ఏం పెట్టాలి, మేక తప్పిపోతే ఎవరిని పంపాలి, అంతా ఆమె ఇష్టమే. ఆకు కోసుకుని వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని, అన్నం తిని, చేట మళ్లీ తమ చేతికి వచ్చేదాకా ఏదీ అడగకూడదు. మా అత్త నాకు అలాగే ఇచ్చేది. నేను నా కోడలికి ఇస్తున్నాను.

మా అమ్మకు చివరి ఏళ్లలో మతి నిలవలేదు. నన్ను అక్కా అని పిలిచేది. నేనూ అక్కలాగే పలికేదాన్ని, అందులో నాకు కష్టమేమీ తోచలేదు. కష్టమంతా మా అన్నతో, తమ్ముడితో వచ్చింది. అమ్మ గొంతులోకి మెతుకు దిగని రోజు, పట్నం దవాఖానాకు తీసుకుపోదామని అన్న, ఇంట్లోనే ఉంచుదామని తమ్ముడు. తను చెప్పిందే అమ్మకు ఇష్టమని ఇద్దరూ ఒట్టేశారు. ఆమె మంచం మీద కూర్చుని, ఎవరింటి గొడవో అన్నట్టు ఇద్దరి మొహాలూ చూసింది. చివరికి పట్నంలోనే, గొట్టాల మధ్య పోయింది. వాళ్లిద్దరూ ఇప్పటికీ ఒక పందిట్లో కూర్చోరు.

నా మతి తప్పితే నా కొడుకూ కూతురూ అలా కావద్దని నా కోరిక. అందుకే కొడుకును వెంటబెట్టుకుని ఖమ్మంలో ఒక వకీలమ్మ దగ్గరికి వెళ్లాను. నా బదులు అన్నీ చూసుకునేటట్టు కోడలి పేరున పవర్ కాగితం రాయమన్నాను. ఆ కాగితం నా మతి బాగున్నంత వరకే చెల్లుతుందని, మతి పోతే అదీ పోతుందని ఆమె నెమ్మదిగా చెప్పింది. వానాకాలం పనికిరాని గొడుగు నాకెందుకమ్మా అన్నాను. ఆమె నవ్వి, వైద్యం సంగతికి వేరే కాగితం ఉందని చెప్పింది. కోలుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, నా తరఫున ఎవరు మాట్లాడాలో మతి బాగున్నప్పుడే రాసుకోవచ్చట. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ చేయించాలట. ముందు మీ కోడలిని అడిగి రండి అంది.

బస్సులో కొడుకు మొహం చిన్నబోయింది. తన పేరు ఎందుకు వద్దని అడిగాడు.

"నువ్వు సూది చూస్తెనే కండ్లు మూసుకుంటవు బిడ్డా. డాక్టర్ ఏదంటే దానికి తలకాయ ఊపుతవు. నీ చెల్లె ఏడుస్తది. నీ పెండ్లాం అయితే ఎందుకు, ఏందని అడుగుతది."

"అవ్, అడుగుతది. నన్ను రోజూ అడుగుతనే ఉంది గద" అన్నాడు.

కోడలు మాత్రం ఒప్పుకోలేదు. ఎండిన ఇప్పపువ్వు బుట్టలోకి ఎత్తుతూ, తల కూడా పైకెత్తకుండా చెప్పింది.

"నాతోని కాదత్తా. చేట ఇచ్చి పోతవు, గుమ్మంల కాలు పెట్టకముందే గుడ్లేమైనయి, కట్టెలేమైనయి అంటవు. రేపు పాణం మీదికొచ్చినప్పుడు నేనొక మాటంటే నీ కొడుకు, నీ బిడ్డ ఊకుంటరా? బయటి నుంచి వచ్చినదాన్ని, నన్నే అంటరు."

ఆమె అన్నది నిజమే.

ఆకు కోత మొదలైంది. చర్ల దగ్గర అత్తగారింటి నుంచి నా కూతురు కూడా నాతో అడవికి రావడానికి వచ్చింది. అన్నాచెల్లెళ్లిద్దరూ చూస్తుండగా చేట కోడలి చేతిలో పెట్టాను.

ఎండ ముదిరాక ముగ్గురం అడవి నుంచి తిరిగొచ్చి, ఆకు మూటలు దించి, తినడానికి కూర్చున్నాం. కంచంలో కోడికూర. వాకిట్లో గంప కింద గుడ్లు పొదుగుతున్న నా ఎర్రపెట్ట లేదు. గుడ్ల మీదున్న పెట్టను ఎవరైనా కోస్తారా? మాట నాలుక చివరిదాకా వచ్చింది. కూతురు నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాను. కూర బాగుంది. ఇంకొంచెం వేయమన్నాను.

తిన్నాక కోడలు చేట తెచ్చి నా చేతికిచ్చింది. ఇక అడగవచ్చు. అయినా అడగలేదు. ఆమే నా పక్కన కూర్చుంది.

"అడగవా అత్తా?"

"నీకిచ్చిపోయిన. నువ్వు చేసిందే నేను చేసినట్టు."

అప్పుడు చెప్పింది. ముంగిస వచ్చి పెట్ట మెడ కొరికిందట. తరిమేసరికే తల వాలేసి కొట్టుకుంటోందట. ఇక బతకదని తెలిశాక దాన్ని అట్లా కొట్టుకోనివ్వలేదట. గుడ్లు చల్లబడకముందే పక్కింటివాళ్ల పెట్ట కింద పెట్టి వచ్చిందట.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇంతకంటే ఏం కావాలి, నా సంగతి కూడా నువ్వే చూడు అన్నాను.

"చూస్త గానీ, నిన్నయితే కూర వండనులే అత్తా" అంది. నీళ్లు తాగుతున్న కొడుకుకు పొలమారింది. కూతురు నవ్వుతూ వాడి నెత్తి మీద తట్టింది.

ఆ వారమే అందరం ఖమ్మం వెళ్లాం. నొప్పి తెలియకుండా మందు ఇవ్వాలని, బాగుపడే దారి లేనప్పుడు గొట్టాలు వద్దని, వీలైతే మా ఇంట్లోనే ఉంచాలని చెప్పాను. నా బదులు మాట కోడలిదని రాయించాను. కొడుకూ కూతురూ పక్కన కూర్చుని మొత్తం విన్నారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ చేయించాను. తిరిగి వచ్చేటప్పుడు తల్లాడలో దిగి బజ్జీలు తిన్నాం.

పక్కింటి పెట్ట కింద గుడ్లు పిల్లలయ్యాయి. ఎర్రవన్నీ మావేనని కోడలు గట్టిగా మాట్లాడి తెచ్చుకుంది. చేట ఇప్పటికైతే నా దగ్గరే ఉంది. పొద్దున్నే బియ్యం చెరిగి, దాన్ని వంటింటి గోడకు మేకు మీద తగిలిస్తాను. ఇవ్వడం నేను మరిచిపోయే రోజు వస్తే, అది ఎక్కడుందో కోడలికి తెలుసు.